ముత్తవ్వ మొక్కు తీర్చిన పొద్దు

ఏడు నెలల కింద దేవిదాస్ పొద్దున డ్యూటీకి పోతూ, డిపో గేటు దగ్గర తాగుడు పట్టే మిషన్‌లో ఊదితే ముప్పై ఎనిమిది వచ్చింది. బస్సు గుంజుకుని ఇంటికి పంపారు. డాక్టర్ దగ్గర కౌన్సెలింగులు, అధికారుల దగ్గర దండాలు అన్నీ అయినాక ఇవ్వాళ మళ్లీ స్టీరింగ్ ఇస్తున్నారు.

అందుకని తెల్లారుతుండగానే వాళ్లమ్మ ముత్తవ్వ కుండెడు కల్లు తెప్పించింది. కొడుకు తాగుడు మానితే ఎల్లమ్మ ముందు కల్లు ధారగా సాక పోస్తానని మొక్కుకుంది మరి. తాగుడు మానినందుకు కల్లేమిటని ఆమెను అడిగే మొనగాడు బోధన్‌లో ఇంకా పుట్టలేదు.

సాక పోయగా మిగిలింది ఇంటివాళ్లే తాగాలి. పారబోస్తే దోషం. ముత్తవ్వ మోదుగాకు దొప్పలో పోసి కొడుకు ముందు పెట్టింది.

"ఒక్క గుటక బిడ్డా. ప్రసాదం."

"అవ్వా, గేటు కాడ ఊదాలె. మిషన్‌కు ప్రసాదమని తెల్వది. ఇంకొక్కపారి దొరికితే నౌకరి మొత్తానికే పాయె."

"ఎల్లమ్మ కంటె మిషన్ పెద్దదారా?"

"ఈ పొద్దుకు పెద్దదే."

ముత్తవ్వ ఎల్లమ్మ వైపు తిరిగింది. తల్లీ తప్పు కాయమని లెంపలు వేసుకుని, కొడుకు వంతు తానే తాగింది. కోడలు సవిత వద్దంటే ఆ వంతూ తాగింది. దోషం మిగలకూడదని కుండ అడుగు దాకా చూసింది. ఆ తర్వాత, కొడుకు బస్సు నడుపుతుంటే కళ్లారా చూడాలని బయల్దేరింది.

గేటు దగ్గర దేవిదాస్ ఊదాడు. సున్నా. సెక్యూరిటీ ఆయనకు నమ్మకం కుదరక మళ్లీ ఊదమన్నాడు. మళ్లీ సున్నా. నిజామాబాద్ బస్సు ఇచ్చారు. ముత్తవ్వ బస్టాండ్‌లో ఎక్కి, కండక్టర్‌కు ఆధార్ కార్డు చూపించి, డ్రైవర్ వెనక సీట్లోనే కూర్చుంది.

ఊరు దాటేసరికి బస్సంతా కల్లు వాసన. ఆమె పక్క వరుసలో ఆత్మారాం అనే పసుపు వ్యాపారి ఉన్నాడు. దేవిదాస్ సంగతి ఆ దారిలో తెలియనివాళ్లు లేరు.

"డ్రైవర్ మళ్ల తాగిండు!" అని కేకేసి, బస్సులో రాసి ఉన్న నంబరుకు ఫోన్ చేశాడు. ఎడపల్లి దగ్గర చెకింగ్ జీపు దిగిన ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తి ఆపాడు.

దేవిదాస్ బస్సును పక్కకు తీసి ఆపాడు.

ముత్తవ్వ లేచి నిలబడింది. "తాగింది నేను సారూ! ఎల్లమ్మ ప్రసాదం! ఏదీ, ఆ మిషన్ నా నోట్ల పెట్టుండ్రి!"

ఆమె మాట్లాడుతుంటేనే ఇన్‌స్పెక్టర్ రెండడుగులు వెనక్కి జరిగాడు. మిషన్ మాత్రం దేవిదాస్‌కే పెట్టాడు. సున్నా వచ్చింది. ఆ అంకెను బస్సులో అందరికీ తిప్పి చూపించాడు.

ఆత్మారాం కూడా చూశాడు. చూసి, సంచీ తీసుకుని దిగిపోయాడు. వెనక వచ్చే బస్సుకు వస్తానన్నాడు.

ముత్తవ్వకు ఒళ్లు మండింది. "సున్నా సూసి గూడ దిగుతడా! వాని నోట్ల మన్నువడ! ఏదో ఒక్కనాడు తప్పు జేసిండని నా కొడుకును..."

దేవిదాస్ రోడ్డు పక్కన నిలబడ్డ ఆత్మారాంను చూశాడు. కోపం తెచ్చుకుందామనుకున్నాడు, రాలేదు.

"తిట్టకవ్వా," అన్నాడు గేరు వేస్తూ. "నేను దొరికింది ఒక్కనాడు."