పన్నెండో కమాను

చిట్టికి యాభై దాటాయి. అయినా వదినకు ఆమె ఇంకా చిట్టే. కర్టెన్ల షాపులో బట్ట కత్తిరించేది చిట్టి, కుట్టేది వదిన. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇద్దరి నోళ్లూ మిషన్‌తో పోటీ పడుతుంటాయి. ఇన్నేళ్లలో వదిన పనితనాన్ని చిట్టి ఒక్కసారైనా మెచ్చుకున్న పాపాన పోలేదు. మెచ్చుకుంటే నెత్తికెక్కి కూర్చుంటుందని పైకి అంటుంది గానీ, అలాంటి కుట్టు ఇంకెవరి చేతా కాదని ఆమెకు బాగా తెలుసు.

ఏటా చలికాలంలో వాళ్ల ఊళ్లో వారం రోజులు దీపాల ప్రదర్శన జరుగుతుంది. టికెట్టు లేదు, గేటు లేదు, ఎవరైనా రావచ్చు. లైబ్రరీ గోడ మీద నీలి అలలు లేస్తాయి. బస్టాండు కప్పు కింద వేలాడే గాజు గొట్టాలు రంగులు మారుస్తాయి. రోజూ తల వంచుకుని బస్సెక్కే జనం ఆ వారమంతా తలెత్తుకుని నడుస్తారు. అదేమంత చిన్న విషయం కాదు.

ఈసారి ఒక ఆర్టిస్టు అమ్మాయికి ఏటి వంతెన కింద ఉన్న పన్నెండు కమానులు ఇచ్చారు. ఒక్కో కమానుకు పలచటి తెల్లబట్ట కడతారు. దాని వెనక దీపం. మధ్యలోంచి మనుషులు నడుస్తుంటే వాళ్ల నీడలు బట్ట మీద పెద్దవిగా పడతాయి, ఎదుట నిలబడ్డవాళ్లు చూస్తారు. ఆ అమ్మాయికి ఇదే మొదటి అవకాశం. ఆ బట్టలు కుట్టిపెట్టేవాళ్లను వెతుక్కుంటూ వదిన దగ్గరికొచ్చింది. వదిన రెండు వారాలు కుట్టి, పన్నెండూ మడతపెట్టి పంపింది.

పనివాళ్లు వాటిని పొద్దున్నే కట్టేశారు. మధ్యాహ్నం మబ్బు పట్టి వంతెన కింద చీకటిగా ఉంటే, చూడ్డానికొచ్చిన వదిన, చిట్టిల ముందే అమ్మాయి ఒక దీపం వేసి చూసింది. బట్ట గోడలా నిలబడింది తప్ప వెలగలేదు.

"ఆంటీ, దీని వెనక ఇంకో బట్ట ఉందేంటి?"

"లైనింగమ్మా! నువ్వు అడగలేదనుకో. పాపం, పలచటి బట్ట, గాలికి చిరుగుతుందేమోనని నేనే వేశాను. మంచి రకం. చుక్క వెలుతురు కూడా..."

వదిన అక్కడే ఆగిపోయింది. ముప్పై ఏళ్లుగా ఆమె పనే వెలుతురును ఆపడం. చిట్టికి నవ్వు రాలేదు. పన్నెండు లైనింగులూ కత్తిరించింది తనే మరి. దేనికని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. బట్ట వెంట లైనింగు కత్తిరించడం చేతులకు అలవాటైపోయింది.

ఆరింటికి దీపాలు వేస్తారు. అప్పటికి సిద్ధం కాకపోతే వంతెనను ప్రదర్శన దారిలోంచి తీసేస్తామని నిర్వాహకులు ముందే చెప్పారు.

"ఆ పిల్ల నోట్లో మట్టి కొట్టాను చిట్టీ," అంది వదిన. "ఇవి వెలగకపోతే ఇంక మిషన్ మీద చెయ్యి వెయ్యను."

వదిన మాటంటే మాటే. ఎప్పుడో పంతం పట్టి పంచదార మానేసిన మనిషి, పదిహేనేళ్లయినా మళ్లీ ముట్టలేదు.

ముగ్గురూ తలో బ్లేడూ పట్టుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టారు. లైనింగు గాలికి ఎగరకూడదని వదిన మూరమూరకీ అడ్డంగా కుట్టింది, అదీ రెండేసి వరసలు. కత్తెరతో కోసేద్దామంటే పీలికలు మిగిలి నీడల మీద చారలు పడతాయి.

"ఏం కుట్టావు వదినా! ఇది కర్టెనా, కోట గోడా?"

"నోరు కాదు, చెయ్యి ఆడించు."

చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. ఆరు కావస్తుండగా పదకొండు పూర్తయ్యాయి. వదిన నిచ్చెన వేసుకుని పన్నెండోది పైనుంచి మొదలుపెట్టింది. "నువ్వు ముందుకెళ్లి చూడు, ఎక్కడైనా పీలికలు మిగిలాయేమో," అని చిట్టిని తరిమింది.

చిట్టి జనంలో నిలబడేసరికి దీపాలు వెలిగాయి. పదకొండు కమానులూ ఒక్కసారిగా పాలలా తెల్లబడ్డాయి. ఒకదాంట్లో సంచీ మోస్తున్న మనిషి, ఇంకోదాంట్లో భుజాల మీద పిల్లనెత్తుకున్న తండ్రి, మరోదాంట్లో చేతులు పట్టుకుని నెమ్మదిగా నడిచే ముసలి జంట. మామూలు మనుషులే, రెండంతస్తుల ఎత్తున నడుస్తున్నారు. ఎంత బాగుందో! కానీ పన్నెండోది నల్లగా ఉంది. నిర్వాహకులిద్దరు దానివైపే వేలు చూపిస్తున్నారు.

అప్పుడు ఆ బట్ట పైభాగాన మూరెడు వెడల్పున వెలుగు పరుచుకుంది. అందులో ఒక చెయ్యి, వేళ్ల మధ్య బ్లేడు. కుట్టు వెంట ఆ చెయ్యి ఆగకుండా, తొణక్కుండా సాగింది. ఇంకో మూర వెలిగింది. కళ్లజోడు, ముడి, ముందుకు వంగిన మెడ కనిపించాయి. జనం దగ్గరికి జరిగారు. ఇంకో మూర. ఎవరో తమ పిల్లవాడిని ఎత్తుకుని, "చూడు, చూడు," అన్నారు. చివరికి లైనింగంతా జారి కింద పడింది. కమాను నిండా వదిన, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

చప్పట్లు మోగాయి. ఇదంతా ముందే అనుకుని చేసిన ప్రదర్శన అనుకున్నారు అందరూ. చిట్టికి ఏడుపు ఆగలేదు. వదిన గొప్పదని ఆమెకు ఎప్పుడూ తెలుసు. ఒక్కసారీ చెప్పలేదే అని ఏడుపు.

వెనక్కి పరిగెత్తింది. వదిన లైనింగును పోగుచేసుకుంటోంది.

"ఆలస్యమవడం ఎవరైనా చూశారా?"

"అందరూ చూశారు వదినా."

వదిన తల దించుకుంది. చిట్టి ఆ చల్లటి చేతులు రెండూ పట్టుకుంది. "నీ చేతుల్ని చూశారు. ఇలాంటి చెయ్యి ఈ ఊళ్లో ఇంకెవరికీ లేదు. చప్పట్లు వినపడలేదా? అవి నీకే."

వదిన ఆమెను ఎగాదిగా చూసి, నుదుటి మీద చెయ్యేసింది. "ఏమే, జ్వరంగానీ వచ్చిందా?"

ఇంతలో అమ్మాయి రొప్పుతూ వచ్చింది. "ఆంటీ, వంతెన వారమంతా ఉంటుందట! మీరు రేపు ఆరింటికి కూడా ఇలాగే విప్పాలి. రోజూ విప్పాలి. జనం అడుగుతున్నారు!"

వదిన లైనింగును చంకన పెట్టుకుని నిచ్చెన మడిచింది.

"అయితే పొద్దున్నే మళ్లీ కుట్టుకురావాలన్నమాట. పద చిట్టీ. ఈసారి ఒక్క వరసే వేస్తాలే."