జాలిగా వేసిన నింద

ఆ కళ్ళజోళ్ళ షాపులో మధ్యాహ్నం రెండింటికి షట్టరు సగం దించి భోంచేసేవాళ్ళు. డబ్బాలు కడిగాక అరగంట తోడేలు ఆట. ఓనరు ఖాళీ ఫ్రేము పెట్టెలో చీటీలు కలిపి పంచేవాడు. ఒక చీటీ మీద తోడేలు, మిగతా అన్నిటి మీదా గొర్రె. పక్క మందుల షాపు నుంచి ఇద్దరు వచ్చి కలిసేవాళ్ళు. అందరూ కళ్ళు మూసుకున్నాక తోడేలు వచ్చినవాళ్ళు చప్పుడు లేకుండా ఒకరిని వేలెత్తి చూపిస్తే, ఆ గొర్రె చచ్చినట్టు. బతికున్నవాళ్ళు తోడేలెవరో వాదించుకుని, చేతులెత్తి ఒకరిని బయటికి పంపాలి.

కౌంటర్లో కూర్చునే అతన్ని అందరూ లాయరనే పిలిచేవాళ్ళు. కోర్టు గుమ్మం తొక్కినవాడు కాదు, ఆ పేరు ఈ ఆటలోనే వచ్చింది. తోడేలు వచ్చినా గొర్రె వచ్చినా ఆఖరికి అతని మాటే నెగ్గేది. కిటుకులు పెద్దవేం కావు. ముందు తన తప్పు చిన్నదొకటి ఒప్పుకునేవాడు. వినేవాళ్ళు మెత్తబడేవాళ్ళు. అప్పుడు అడిగేవాడు, "నేనెవర్నీ అనను. కానీ స్క్రూ ఇవాళ ఎందుకింత నిశ్శబ్దంగా ఉన్నాడు?" అదే ప్రశ్న రెండోసారి మెల్లగా, మూడోసారి ఇంకా మెల్లగా. స్క్రూ అంటే ఫ్రేములు బిగించే కుర్రాడు. వాడు నోరు తెరిచేలోగా చేతులు లేచిపోయేవి.

అందరికంటే తేలిగ్గా ఓడిపోయేది అక్క. లోపలి గదిలో సానరాయి మీద అద్దాలు అరగదీసేది ఆవిడే, ఇరవై రెండేళ్ళుగా. వయసు యాభై దాటింది. నింద పడితే "నేను కాదు" అని ఒక్కసారి అని ఊరుకునేది. "నిజం చెప్పేవాళ్ళు ఇంత తొందరగా ఊరుకుంటారా?" అనేవాడు లాయరు. అందరూ నవ్వేవాళ్ళు, అక్కతో సహా.

ఒక గురువారం పొద్దున సంగీతం టీచరు ఒకావిడ కళ్ళజోడు చేత్తో పట్టుకుని, కుంటుకుంటూ లోపలికి వచ్చింది. మోకాలికి కట్టు.

"ఇది పెట్టుకుంటే నేలంతా ఒక పక్కకి ఒరిగినట్టుంటోంది. నిన్న మెట్టు ఉందనుకుని అడుగేశాను, లేదు. చేతికి రెయిలింగ్ దొరికింది కాబట్టి దీంతో పోయింది" అంది.

కళ్ళు పరీక్ష చేసే డాక్టరమ్మ ఆ జోడు మిషన్లో పెట్టి చూసింది. ఒక్కో అద్దాన్ని ఏ కోణానికి తిప్పి కూర్చోబెట్టాలో చెప్పే అంకె ఒకటి ఉంటుంది. కుడి కంటికి ఇరవై ఉండాల్సింది, నూట ఇరవై ఉంది.

ఓనరు టీచరును బతిమాలి, రేపు కొత్త అద్దాలు ఇస్తామని పంపించి, అందరినీ లోపలికి పిలిచాడు. "ఇది ఎవరి పని?"

"కౌంటర్ నుంచి వచ్చిన చీటీలో ఉన్నట్టే కోశాను సార్" అంది అక్క.

ఆ చీటీ తీసి చూద్దామని ఎవరికైనా తోచేలోగా లాయరు అందుకున్నాడు. ఎందుకందుకున్నాడో తర్వాత ఎంత తవ్వుకున్నా అతనికే తేలలేదు. డాక్టరమ్మ కాగితం చూసి ఆ చీటీలు రాసేది తను, భయం వేసి ఉంటుంది. మిగతా పని అలవాటు చేసింది.

"పోయిన నెల నేనూ ఒక ఫ్రేము రంగు తప్పు రాశాను సార్. తప్పులు అందరం చేస్తాం. అక్కని నేనేమీ అనను, అక్క నోట అబద్ధం రాదు. కానీ ఇరవై రెండేళ్ళు ఆ రాయి ముందు కూర్చుంటే ఎవరి కళ్ళు మాత్రం అలసిపోవు? అది అక్క తప్పా?"

ఎంత మెత్తగా అన్నాడంటే, అందరికీ అక్క మీద జాలేసింది. జాలేశాక ఇక విచారణ ఏముంటుంది? "ఓ పది రోజులు ఇంటిపట్టున ఉండమ్మా, కళ్ళు చూపించుకో" అన్నాడు ఓనరు. అక్క ఏదో అనబోయింది. మళ్ళీ ఏమనుకుందో, ఏప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించి వెళ్ళిపోయింది.

మర్నాడు కొత్త అద్దాల కోసం లాయరు పాత చీటీ వెతికి తీశాడు. తన చేతిరాతే, ముత్యాల్లా. నూట ఇరవై. దాని కింద పెన్సిలుతో చిన్న టిక్కు. చదివిన ప్రతి అంకె కిందా టిక్కు పెట్టుకుని గాని అక్క రాయి తిప్పదు. డాక్టరమ్మ కాగితం మీద మాత్రం ఇరవై అనే ఉంది.

స్టూలు లాక్కుని కూర్చుని రెండిటినీ మళ్ళీ చదివాడు. ఆ చీటీ చింపేస్తే అడిగేవాడు లేడు. ఆ ఆలోచన వచ్చిన మరుక్షణమే రెండు కాగితాలూ పట్టుకుని, లేచి ఓనరు దగ్గరికి వెళ్ళాడు.

"సార్, నిన్నటి తప్పు నాది."

ఓనరు నవ్వాడు. "తెలుసులేవయ్యా. అక్కని వెనక్కి పిలిపించాలని నీ తాపత్రయం."

"మనసున్నవాడివే గానీ, నీ తల మీద వేసుకుంటే ఆవిడ కళ్ళు బాగవుతాయా?" అంది డాక్టరమ్మ. స్క్రూ తల కూడా ఎత్తకుండా అన్నాడు, "ముందు తన తప్పు ఒప్పుకుంటాడు. మనం కరిగిపోతాం. రోజూ చూసేదేగా."

లాయరు గొంతు తగ్గించి, "ఒక్కసారి ఆలోచించండి, నాకు ఇందులో ఏం లాభం?" అని మొదలుపెట్టాడు. ఆ గొంతు తనకే వినబడింది. ఆట గొంతు. అక్కడితో ఆగిపోయాడు. చీటీ, డాక్టరమ్మ కాగితం పక్కపక్కన బల్ల మీద పెట్టి, రెండు అంకెల మీద రెండు వేళ్ళు పెట్టి నిలబడ్డాడు.

డాక్టరమ్మ వంగి చూసింది. "ఈ టిక్కు అక్కదే" అంది నెమ్మదిగా. "ఆవిడకి అంకె సరిగ్గానే కనబడింది. రాసిందే తప్పు."

ఓనరు బల్ల మీది తాళాలు లాయరు వైపు తోశాడు. తిట్టినా బాగుండుననిపించింది అతనికి. "బండి తియ్యి" అన్నాడు ఓనరు. "నువ్వే వెళ్ళి తీసుకురా. నీ నోటితోనే చెప్పు."

అక్క ఇల్లు రెండు గదులు. తలుపు దగ్గరగా వేసి ఉంది. కిటికీ పక్కన కూర్చుని, ఒక చేత్తో ఎడమ కన్ను మూసుకుని, రెండో చేత్తో అగ్గిపెట్టె దూరంగా పట్టుకుని దాని మీది సన్నటి అక్షరాలు చదువుకుంటోంది. చుట్టూ పాత క్యాలెండరు, మందు సీసా, దారపు ఉండ మీది చీటీ. చదవగలిగినవన్నీ ముందేసుకుంది.

"నిన్నటి నుంచీ చూస్తున్నాను తమ్ముడూ" అంది అతన్ని చూసి. "అన్నీ కనబడుతున్నాయి. కానీ కనబడనిది కనబడలేదని నాకెలా తెలుస్తుంది? నువ్వంత నమ్మకంగా చెప్పావు కదా."

దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ అతను పక్కన పెట్టేశాడు. "నేనే తప్పు రాశానక్కా. ఇరవైకి నూట ఇరవై రాశాను. నువ్వు సరిగ్గానే కోశావు. నీ కళ్ళకేం కాలేదు."

అక్క అగ్గిపెట్టె కింద పెట్టింది. "ఏం కాలేదా?"

"ఏం కాలేదు."

రెండు చేతులతో మొహం మూసుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాడు. చేతులు తీస్తే కళ్ళల్లో నీళ్ళున్న మాట నిజమే గానీ, పెదాల మీద నవ్వు. "హమ్మయ్య" అంది. "రాత్రి ముద్ద దిగలేదు. ఈ పని పోతే నాకు ఇంకో పని రాదు."

అక్క నీళ్ళగ్లాసు తెచ్చి అతని చేతికిచ్చింది.

"నన్ను తిట్టాలనుకుంటే తిట్టు, పడతాను" అంది. "జాలి మాత్రం పడకు. తిడితే ఎదురు చెప్పొచ్చు. జాలిపడితే ఏం చెప్పను?"

"సరే అక్కా."

"పద మరి. ఆ టీచరుకి ఇవాళ ఇస్తామన్నారుగా."

మధ్యాహ్నం ఆట ఊసు ఎవరూ ఎత్తలేదు. అక్క రాయి ముందు కూర్చుంది. లాయరు పక్కన నిలబడి కాగితం చూసి "ఇరవై" అన్నాడు. అక్క తనూ చూసి "ఇరవై" అంది. రాయి తిరిగింది.

నాలుగింటికి టీచరు వచ్చి కొత్త జోడు పెట్టుకుంది. షాపు ముందు మూడు మెట్లు. రెయిలింగ్ పట్టుకుని దిగింది, ఎక్కింది, చెయ్యి వదిలేసి మళ్ళీ దిగింది. కింద నిలబడి వెనక్కి తిరిగి, "నేల నేల మీదే ఉంది" అంది నవ్వుతూ.

లాయరు పొద్దుటి నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలాడు. అతని పక్కన అక్క కూడా.