వయొలిన్ కొంటానన్న తమ్ముడు

మధ్యాహ్నం ఆమె కంచం ముందు కూర్చునే వేళకి ఫోన్ మోగేది. "భోంచేశావా అక్కా?" అనేవాడు అవతలి మనిషి. ఆ మాట కోసమే సంగీతం టీచరు ఫోన్ వచ్చేదాకా ఆగి, కాస్త ఆలస్యంగా వడ్డించుకునేది.

చెల్లెలు పోయాక ఆ మేడమీది గదిలో రెండో గొంతు లేదు. కీళ్లనొప్పులతో వేళ్లు వంగక పాఠాలు మానేసింది. పిల్లలూ రావడం మానేశారు. ఊరికే మూలన పడి ఉండే కంటే ఎవరైనా వాయించుకుంటారని వయొలిన్ అమ్ముతానంటూ ఫోన్‌లో ప్రకటన పెట్టింది. దూరపు ఊరి నుంచి ఇతను పలికాడు. బేరమాడలేదు. వాయిద్యం ఎలా పలుకుతుందని ఒక్కసారీ అడగలేదు. ఆమె మోకాళ్ల సంగతి మాత్రం రోజూ అడిగాడు.

ఒకరోజు డబ్బు పంపానంటూ రసీదు ఫొటో పంపాడు.

"పొరపాటున ఎక్కువ వేశానక్కా. ఆ ఎక్కువ సొమ్ము, పార్సిల్ మోసుకొచ్చే లారీ ఆఫీసతనికి ఇప్పుడే పంపెయ్. వయొలిన్ కూడా ఇవాళే పార్సిల్ చెయ్."

ఆమె తీగలు వదులు చేసింది. కమానుకు గుడ్డ చుట్టింది. పెట్టె చంకన పెట్టుకుని, ముందు ఆ సొమ్ము పంపేద్దామని బ్యాంకుకు వెళ్లింది.

మేనేజరమ్మ ఖాతా చూసి, "మీకేమీ పడలేదు టీచరుగారూ," అంది.

"రసీదు ఉందిగా?"

"ఇది ఫొటో. ఎవరైనా తయారుచేయగలరు. మీరు పంపితే మాత్రం అది మీ సొంత డబ్బే."

"అతను అలాంటివాడు కాదమ్మా."

"మంచివాడైతే ఆగుతాడు. ఇక్కణ్ణుంచే అడగండి."

ఆమె ఫోన్ చేసింది. "డబ్బు పడగానే పంపుతాను నాయనా."

"నన్నే అనుమానిస్తున్నావా?" అన్నాడతను. ఆ గొంతు ఆమె ఎప్పుడూ విననిది. "అయితే నువ్వే వాయించుకో." ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు భోజనం వేళ ఫోన్ మోగలేదు. ఆమె అతని నంబరు తీసి, నొక్కకుండా చాలాసేపు చూస్తూ కూర్చుంది. మోసగాడని తెలుసు. అయినా చెవులు అటే ఉన్నాయి. మళ్లీ బ్యాంకుకు వెళ్లి ఆ సంగతి మేనేజరమ్మకు చెప్పుకునేటప్పుడు సిగ్గుతో తల వంచుకుంది.

"మీరు ఆశపడింది డబ్బుకి కాదు, మాటకి. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు," అంది మేనేజరమ్మ. "కానీ మాటని నమ్మినా, సొమ్ముని మాత్రం ఖాతాలో చూశాకే నమ్మండి."

కొన్నాళ్లకు మరొకామె వయొలిన్ కొంటానంది. చెక్క గురించి గుచ్చి గుచ్చి అడిగింది, గట్టిగా బేరమాడింది, కుశలం ఊసే ఎత్తలేదు. డబ్బు ఖాతాలో పడిందని బ్యాంకువాళ్లు చెప్పాకే టీచరు పెట్టెను బీమాతో పార్సిల్ చేసి, రసీదు దాచుకుంది. ఇంటికొచ్చేసరికి గది మూల ఖాళీగా ఉంది.

చదువరులారా, దూరాన ఉన్నవారికి వస్తువు అమ్మేటప్పుడు సొమ్ము చేరిందని బ్యాంకు చెప్పేదాకా దాన్ని గడప దాటించకండి. ఎక్కువ పడింది, తిరిగి పంపమంటే ఆగండి. మీ వీధిలో ఒంటరిగా బతికే మనిషిని మాత్రం, మోసగాడి కంటే ముందు మీరు పలకరించండి.