ఇవ్వని శబ్దం

మా గదికి వచ్చే మగవాళ్ళలో సగం మందికి చెవుడేమీ ఉండదు. భార్య చెప్పింది ఒక్కటే వినపడదు. ఇరవై ఆరేళ్ళుగా వినికిడి పరీక్షలు చేస్తున్నాను గానీ, ఆ రోగాన్ని పట్టుకునే మిషను ఇంతవరకూ నా కంటబడలేదు.

ఆసుపత్రి అడుగు అంతస్తులో, ఎక్స్‌రే గది దాటాక, నడవా చివర ఉంటుంది మా గది. పైన రొద ఎక్కువని మమ్మల్ని తెచ్చి కింద పడేశారు. గదిలో ఒక మూల బీరువాకు అన్నయ్యలాంటి ఇనుప గది ఇంకొకటి ఉంటుంది, ఒక్క మనిషి కూర్చోవడానికి చాలినంత. దాని తలుపు జానెడు మందం. తలుపు పక్కన ఒక చిన్న అద్దం. వచ్చినవాళ్ళను అందులో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక బటన్ ఇచ్చి తలుపు వేస్తాను. బయట నా బల్ల మీద మిషను. నేను మీట నొక్కితే లోపల వాళ్ళ చెవిలో ఒక కూత. వినపడితే వాళ్ళు బటన్ నొక్కాలి, అప్పుడు నా మిషను మీద పచ్చ దీపం వెలుగుతుంది. బొంగురు కూతలతో మొదలుపెట్టి సన్న కూతల దాకా వెళ్ళాలి. ఒక్కోదాన్నీ తగ్గించుకుంటూ పోయి, ఎంత తగ్గేదాకా వినపడుతుందో కాగితం మీద గుర్తు పెట్టాలి. బ్రహ్మవిద్య ఏమీ కాదు, ఓపిక ఉంటే చాలు.

ఈ పనిలో మొదటి రోజే నేర్పే పాఠం ఒకటుంది. కూతకూ కూతకూ మధ్య ఎడం ఎప్పుడూ ఒకేలా ఉండకూడదు. ఒకసారి వెంటనే నొక్కాలి, ఒకసారి చాలాసేపు ఆగి నొక్కాలి. లేకపోతే లోపలి మనిషి వినడం మానేసి లెక్కపెట్టుకోవడం మొదలుపెడతాడు. కొత్తగా చేరినవాళ్ళకు ఈ ముక్క వందసార్లు చెప్పి వాళ్ళ ప్రాణం తీసేది నేనే.

ఆ రోజు పొద్దున మూడో చీటీ మీద పేరు చూసి, ఎవరో అదే పేరుగలవాళ్ళు అనుకున్నాను. తలుపు తోసుకుని ముందు ఒక పెద్దావిడ వచ్చింది. ఆవిడ వెనకాల, మెడ దాకా చొక్కా గుండీలు పెట్టుకున్న చిన్నపాటి మనిషి. ఎడమ దవడ కింద వయొలిన్ ఒరుసుకుని నల్లబడిన మచ్చ. ఆ మచ్చను నేను రికార్డు అట్టల మీద చూసి చూసి ఉన్నాను.

ఆయన వయొలిన్ అంటే నేను చెవి కోసుకుంటాను. చిన్నప్పుడు నేనూ నేర్చుకున్నాను, సరిగ్గా పదకొండు నెలలు. నేర్పే ఆవిడ మా అమ్మను పిలిచి, "పిల్ల చెవి బంగారం, చెయ్యి మాత్రం మొద్దు, మాన్పించెయ్యండి" అంది. మాన్పించేశారు. చెవి మిగిలింది. ఇన్నేళ్ళుగా దాని మీదే తింటున్నాను. అప్పట్లో రోజూ పొద్దున్నే రేడియోలో వార్తలకు ముందు ఆయన వాయించిన చిన్న ముక్క వేసేవారు. నిమిషంన్నర కూడా ఉండదు. రెండు దెబ్బలు దగ్గరగా, కాస్త ఆగి, మళ్ళీ రెండు. అదీ దాని నడక. వయొలిన్ పోయిందని నేను ఏడ్చిన రోజుల్లో నన్ను మంచం మీంచి లేపి బడికి పంపింది అమ్మ కాదు, ఆ ముక్క. మా ఆయన ఇప్పటికీ, "నేను నీకు రెండో మొగుణ్ణేలే, మొదటివాడు రేడియోలో ఉన్నాడు" అని ఎత్తిపొడుస్తూ ఉంటాడు.

ఆ మొదటివాడు ఇప్పుడు నా ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

పెద్దావిడ ఆయన భార్య. సంచిలోంచి ఒక ఉత్తరం తీసి నా బల్ల మీద పెట్టింది. వాద్యబృందం ఆఫీసువాళ్ళు రాసింది. వచ్చే నెల పెద్ద కచేరీ ఉంది, వయొలిన్ల వరసలో మొదటి కుర్చీలో మాస్టారు కూర్చోవాలంటే వినికిడి బాగుందని ఆసుపత్రి కాగితం తేవాలి. లేకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"ఎవరో ఇద్దరు చాడీలు చెప్పారమ్మా," అంది ఆవిడ. "కుళ్ళు, ఇంకేం లేదు. నలభై ఏళ్ళు కూర్చున్న కుర్చీ. అది పోతే ఈ మనిషి బతకడు. ముందే చెప్తున్నా నీకు."

"నేనేం చెయ్యాలమ్మా?" అన్నాడాయన. నేను జవాబు చెబుతుంటే నా పెదవుల వంకే చూశాడు. అది చూసి కూడా నాకు తట్టలేదు. ఎలా తడుతుంది, నేను ఈ లోకంలో ఉంటేగా. "మాస్టారూ, నేను రేడియోలో, రోజూ, మా ఇంట్లో," అని ఏదేదో వాగాను. ఆయన మర్యాదగా నవ్వి, "అలాగా, సంతోషం" అన్నాడు. ఆవిడను బయట బెంచీ మీద కూర్చోమని, ఆయనను లోపల కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు నా చేతులతో తగిలించాను.

కుడి చెవితో మొదలుపెట్టాను. బొంగురు కూతలు నాలుగేసి చొప్పున తగ్గించుకుంటూ ఇచ్చాను, ప్రతిదానికీ ఠంచనుగా దీపం వెలిగింది. సన్నవాటికి వెళ్ళాను. వాటికీ వెలిగింది. ఈ వయసువాళ్ళకు కాగితం మీద గీత సగం దాటాక కిందికి జారుతుంది, నాకే జారుతోంది. ఆయనది ఈ చివరి నుంచి ఆ చివరికి తిన్నగా వచ్చింది. అరవై తొమ్మిదేళ్ళ మనిషికి ఇరవై ఏళ్ళ చెవి. ఇంకెవరికైనా అలా వచ్చి ఉంటే మిషను పాడైందని ఫోన్ చేసేదాన్ని. ఆయనకు కాబట్టి, ఆ చెవులు అలాగే ఉంటాయి మరి, అనుకున్నాను. ఆ ఇద్దరు చాడీకోరుల ముఖాన ఈ కాగితం కొట్టించాలని సంబరపడిపోయాను.

ఎడమ చెవి కూడా అలాగే వచ్చింది. చివరి కూత, అన్నిటికంటే సన్నది, రెండు నొక్కాను. అప్పుడే పెద్దావిడ తలుపు తీసి తల లోపలికి పెట్టింది.

"అయిందా అమ్మా?"

"అయిపోవచ్చిందండీ, ఒక్క నిమిషం," అన్నాను. నా వేలు మీట మీద లేదు. ఆవిడతో మాట్లాడుతూనే ఉన్నాను, కంటి చివర పచ్చ దీపం వెలిగింది. ఆరి, వెంటనే మళ్ళీ వెలిగింది.

నేను ఏ శబ్దమూ ఇవ్వలేదు.

ఆవిడ తలుపు వేసుకుని వెళ్ళిపోయింది. నేను నా వేలి వంక చూసుకున్నాను. అరగంట నుంచి అది ఏం చేస్తోందో అప్పుడు అర్థమైంది. రెండు దగ్గరగా, కాస్త ఆగి, మళ్ళీ రెండు. సంబరంలో నా వేలు ఆయన ముక్కనే నొక్కుకుంటూ పోయింది. లోపలి మనిషికి కూత వినపడాల్సిన పనే లేదు. ఆ నడక ఆయన కట్టిందే. నా చెవిలో పువ్వు పెట్టాడనడానికి కూడా లేదు, పువ్వు కోసి చేతికిచ్చింది నేనే.

కొత్త కాగితం తీశాను. అద్దంలోంచి నా చెయ్యి కనపడకుండా ఫైలు అడ్డం పెట్టాను. మైకులో, "మాస్టారూ, ఇంకొక్కసారి చేద్దామండీ," అన్నాను. ఆయన తల ఊపాడు.

ఈసారి పాఠం ప్రకారం చేశాను. ఒకటి ఇచ్చి ఇరవై దాకా లెక్కపెట్టాను. మూడు వరసగా ఇచ్చాను. మళ్ళీ ఆగాను. బొంగురు కూతలకు దీపం సరిగ్గానే వెలిగింది. మధ్యలోకి వచ్చేసరికి కూత ఇచ్చినప్పుడు వెలగలేదు, ఇవ్వనప్పుడు వెలిగింది. ఆయన నడక కోసం వెతుక్కుంటున్నాడని నాకు తెలుస్తోంది. వెతుక్కోనివ్వకుండా చేస్తున్నది నేనే. ఇంకా పైకి వెళ్ళాక దీపం పూర్తిగా ఆగిపోయింది. వైరు ఊడిందేమోనని ఆశపడ్డాను. నిజంగా ఆశపడ్డాను. శబ్దాన్ని ఉండగలిగినంత పెద్దది చేసి, ఆగకుండా మోగేలా పెట్టి, లేచి వెళ్ళి తలుపు తీశాను.

వైరు ఊడలేదు. రెండు బారల దూరంలో గుమ్మం దగ్గర నిలబడ్డా, హెడ్‌ఫోన్లలోంచి బయటికి వస్తున్న ఆ సన్నటి కూత నాకు స్పష్టంగా వినపడుతోంది. పళ్ళు జివ్వుమంటున్నాయి. అది ఆయన రెండు చెవుల మీదా మోగుతోంది. ఆయన బటన్ మీద బొటనవేలు సిద్ధంగా పెట్టుకుని, నన్ను చూసి నవ్వాడు.

"తర్వాతివి ఇంకా మొదలుపెట్టలేదేం అమ్మా?"

నాకు దుఃఖం ఆగలేదు. ఆయన ముందే, ఆ ఇనుప గుమ్మం పట్టుకుని ఏడ్చాను. ఇరవై ఆరేళ్ళలో ఎంతోమంది ముఖం మీదే మీకు చెవుడని చెప్పినదాన్ని, ఎవరి ముందూ ఏడవలేదు. నన్ను చూసి ఆయన నవ్వు మెల్లగా పోయింది. హెడ్‌ఫోన్లు ఆయనే తీసుకున్నాడు.

నా బల్ల ఎదుట కూర్చున్నాక రెండు కాగితాలూ ఆయన ముందు పెట్టాను. ఒకదాని మీద తిన్నని గీత. రెండోదాని మీద సగం దాకా వచ్చి కిందికి పడిపోయిన గీత. ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

"నీ వేలు నా ముక్కే వాయించింది కదూ," అన్నాడు. "కింది కూతల్లోనే పోల్చుకున్నాను. కావాలని చెయ్యలేదమ్మా." తిన్నని గీత మీద వేలు పెట్టాడు. "మొదట కావాలని చెయ్యలేదు. తర్వాత కావాలనే చేశాను."

"తెలుసండీ."

"మొదటి కాగితం ఉందిగా. అదిచ్చెయ్యి."

నేను పెన్ను చేతిలోకి తీసుకున్నాను.

"నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుస్తుంది? ఒక్క కచేరీ అమ్మా. వచ్చే నెలది ఒక్కటీ. తర్వాత నేనే మానేస్తాను. నీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను."

"అంతమాట అనకండి మాస్టారూ," అన్నాను. నా తల తీసేసినట్టయింది. పెన్ను నా చేతిలోనే ఉంది. నిజం చెబుతున్నాను, పెన్ను మొదటి కాగితం దాకా వెళ్ళింది కూడా. ఒక్క సంతకం, ఎవరి కొంపా మునగదు. ఆయన నాకిచ్చినదానికి నేనెప్పుడైనా ఏమైనా ఇవ్వగలిగితే అది ఇదొక్కటే.

ఆయన నా చెయ్యి ఆగడం చూశాడు. "వాయించడానికి చెవితో పనేముంది?" అన్నాడు, పిల్లలకు నచ్చజెప్పినట్టు. "యాభై ఏళ్ళు. ఏ స్వరం ఎక్కడుందో నా వేళ్ళకు తెలుసు."

"తెలీదండీ."

నోరు జారింది. వెనక్కి తీసుకుందామన్నా ఆయన అప్పటికే నా పెదవులు చూసేశాడు.

"ఏమన్నావు?"

"మీ వేళ్ళకు తెలీట్లేదు మాస్టారూ. పోయిన ఏడాది కచేరీకి నేనొచ్చాను. ఐదో వరసలో కూర్చున్నాను."

"ఊఁ."

"రెండో సగంలో మీరొక్కరే వాయించారు కదండీ. పై తీగ మీద పైపైకి వెళ్ళినచోట శ్రుతి తప్పింది."

"ఎంత?"

"బాగానే తప్పింది."

"ఎంతో చెప్పమ్మా. నీ చెవి మంచి చెవి అయితే తెలియాలి."

"దాదాపు అరస్వరం. అక్కణ్ణుంచి చివరిదాకా. మీ పక్కన ఫ్లూటాయన తల దించుకున్నాడు."

ఆయన ఎడమ చేతి వేళ్ళు బల్ల అంచు మీద ఆ చోటును వెతికాయి. నాలుగు వేళ్ళూ గట్టిగా నొక్కి పెట్టి, వాటి వంకే చూస్తూ కూర్చున్నాడు.

"ఎవరూ చెప్పలేదు," అన్నాడు. "ఇంట్లో ఆవిడా చెప్పలేదు. శిష్యులూ చెప్పలేదు. ఆ చాడీలు చెప్పినవాళ్ళిద్దరే అన్నమాట." తల ఎత్తాడు. "నువ్వేం చేశావు?"

ఏం చేశానో చెప్పాలంటే నాకు ముఖం చెల్లలేదు. ఆ రాత్రి హాలు మైకులు బాగోలేవని మా ఆయనతో అన్నాను. చలికి తీగలు బిగిసి ఉంటాయని అన్నాను. చెవి బంగారమని పేరు తెచ్చుకున్నదాన్ని, ఆ చెవినే నోరు మూసుకోమన్నాను.

"చప్పట్లు కొట్టానండీ," అన్నాను.

"నువ్వూనా?"

"అందరికంటే ముందు లేచి నిలబడి కొట్టాను."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. వచ్చినా బాగుండేది. ఆయన తల ఊపాడు, ఎప్పటినుంచో అర్థంకానిదొకటి అర్థమైనట్టు.

"చప్పట్లు మాత్రం నాకు బాగా వినపడతాయమ్మా," అన్నాడు.

రెండో కాగితాన్ని తనే నా ముందుకు జరిపాడు. నేను సంతకం పెట్టేదాకా కూర్చుని, సిరా ఆరాక మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత లేచి, బయట బెంచీ మీద ఎదురుచూస్తున్న మనిషికి ఆ సంగతి చెప్పడానికి వెళ్ళాడు.