ఇంకో ఏర్పాటు జరిగేదాకా

నేను ఒక నల్లకోటును. చేతులు లేవు, లోపల అస్తరు లేదు, గుండీలు మాత్రం ఇత్తడివి. చీరాలలో పెళ్లి బ్యాండువాళ్లకు దుస్తులు కుట్టగా మిగిలిన గుడ్డతో మస్తాన్ సాహెబు నన్ను కుట్టాడు. నా తోడబుట్టినవాళ్లు క్లారినెట్ల వెంట ఊరేగింపుల్లో తిరిగారు. నేను మాత్రం ప్రధానమంత్రి కోటునయ్యాను.

పక్క వీధి హైస్కూల్లో పదో తరగతి పిల్లలు ఏటా పార్లమెంటు నడిపేవారు. సోషల్ మాస్టారు శరభయ్యగారు పద్ధతి తప్పనిచ్చేవారు కాదు. ప్రధానిని జనం నేరుగా ఎన్నుకోరు. సభలో సగానికి మించి ఎవరి వెనక ఉంటే వాళ్లను రాష్ట్రపతి పిలిచి నియమిస్తాడు. మా రాష్ట్రపతి హెడ్మాస్టరు ఆనందరావుగారు. ప్రమాణం చేయించి ఆయనే నన్ను తొడిగేవారు. దిగిపోయినవాళ్లు మళ్లీ ఆయన చేతికే ఇవ్వాలి. నన్ను తొడుక్కున్న మరుక్షణం ప్రతివాడూ చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవాడు, అదేం చిత్రమో!

ఒక ఏడు భ్రమరాంబ వచ్చింది. మగ్గం నేసే ఇంటి పిల్ల. ఆడపిల్లలూ, వాలీబాల్ జట్టు కుర్రాళ్లూ కలిసి ఆమెను నిలబెట్టారు. వారంలో సగం రోజులు మైదానం ఆడపిల్లలదేనని ఆమె మంత్రివర్గం తీర్మానించింది. హెడ్మాస్టరు దాన్ని నిజంగానే అమలు చేశారు. వాలీబాల్ కుర్రాళ్లకు ఒళ్లు మండి మద్దతు ఉపసంహరించుకున్నారు. అవిశ్వాస తీర్మానం వచ్చిపడింది.

"ఆ మాట ఎనక్కి తీసుకోవే పిల్లా, గట్టెక్కుతావు," అని మాస్టారు ఆమె చెవిలో చెప్పారు. ఆమె నా ఇత్తడి గుండీలను ఒకసారి తడిమి చూసుకుంది.

"గ్రౌండే పోయాక ఈ కోటు నాకెందుకండీ?" అంది.

ఓడిపోయింది. నన్ను విప్పుతుంటే నాకు ఏడుపొచ్చింది. రాజీనామా అందుకుని హెడ్మాస్టరు ప్రతిపక్ష నాయకుడు ఫణీంద్రను పిలిచారు. వాలీబాల్ వాళ్లు తమ కెప్టెనే ప్రధాని కావాలని పట్టుబట్టారు. ఆడపిల్లలు ఒక్కరూ కదల్లేదు. ఫణీంద్రకు బలం చాల్లేదు, కెప్టెనుకు అసలే లేదు.

"ఇంకో ఏర్పాటు జరిగేదాకా నువ్వే కొనసాగమ్మా. కొత్త నిర్ణయాలు మాత్రం తీసుకోకూడదు," అని హెడ్మాస్టరు నన్ను మళ్లీ ఆమెకే తొడిగారు.

పాత నిర్ణయం రద్దు చెయ్యడమూ కొత్త నిర్ణయమే కదా! పరీక్షలదాకా ఆడపిల్లలు మైదానంలో ఆడారు. భ్రమరాంబ నన్ను వాలీబాల్ నెట్టు కట్టే కర్రకు తగిలించి ఆటలో దిగేది. ఆ కర్ర మీంచి చూసిన సాయంత్రాలే నా బతుకులో మంచి రోజులు.

తర్వాత సెలవులొచ్చాయి. హెడ్మాస్టరుకు బదిలీ అయింది. సభ మళ్లీ కూడలేదు. నన్ను ఎవరికివ్వాలో తెలియక భ్రమరాంబ ఇంటికి తీసుకెళ్లింది. ఆమెకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఎన్నో ఇళ్లు మారింది. ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య నేనూ వెంట తిరిగాను. అప్పుడప్పుడూ ఎండకు వేసి దులిపేది. "ఆ పాత గుడ్డ పారెయ్యరాదూ?" అని భర్త అంటే, "అది నాది కాదండీ," అనేది.

మొన్న అదే బడిలో మళ్లీ పార్లమెంటు పెడుతున్నారని విని నన్ను తీసుకెళ్లింది. ఇప్పటి రాష్ట్రపతి హెడ్మిస్ట్రెస్‌గారు. ఆవిడ ముందు భ్రమరాంబ నన్ను తొడుక్కుంది. గుండీలు కలవలేదు. పిల్లలు నవ్వితే తనూ నవ్వింది. తర్వాత విప్పి ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ నన్ను కొత్త ప్రధాని రిజ్వానాకు తొడిగింది.

"మీరెప్పుడు దిగిపోయారు మేడం?" అని అడిగింది ఆ పిల్ల.

"ఇప్పుడేనమ్మా," అంటూ భ్రమరాంబ వంగి నా పై గుండీ పెట్టింది.