ఈదమ్మ ఒడిబియ్యం

నాకు పిల్లలు లేకపోవడానికి కారణం మా తాత గౌరయ్య. ఆయన పోయి ముప్పై ఏళ్లయింది. అయినా ఈ ఒక్క బాధ్యత నుంచి ఆయనకు ఇంకా విరమణ ఇవ్వలేదు మా వాళ్లు.

అరవై ఏళ్ల కిందట తాత తన చెల్లెలు ఈదమ్మకు ఒడిబియ్యం పోస్తానని శామీర్‌పేట ఇంటికి రమ్మన్నాడు. పెళ్లయిన ఆడపిల్లను పుట్టింటివాళ్లు పిలిచి, ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోసి, చీర పెట్టి పంపడం మాలో పెద్ద మర్యాద. సరిగ్గా ఆ రోజు పొద్దున్నే ఆమె భర్తకూ తాతకూ పొలం గెట్టు మీద కొట్లాటయింది. చాటలో బియ్యం కలిపి సిద్ధంగా ఉన్నా, తాత చెల్లెల్ని గడప దాటనివ్వలేదు. ఆమె ఖాళీ ఒడితో వెనుదిరిగింది. కల్వర్టు దాకా వెళ్తూ మూడుసార్లు ఆగి, మూడుసార్లు ఇంటివైపు తిరిగి చూసిందట. చూసినవాళ్లంతా ఒకటే మాట చెప్పారు: శపించిందని. తన ఒడిలాగే ఈ ఇంటి ఆడపిల్లల ఒడి కూడా ఖాళీగా ఉండాలని.

మా మేనత్తకు పిల్లలు కలగలేదు. నాకు మూడుసార్లు నిలిచింది, మూడుసార్లు పోయింది. మూడు చూపులకు మూడు అని మా అమ్మ దుర్గమ్మ తేల్చేసింది. ఆడబిడ్డ ఉసురు ఊరికే పోదని ఆమె నమ్మకం.

నేను డిగ్రీలో జువాలజీ చదివాను. తాతల నుంచి కళ్ల రంగు వస్తుందని చెప్పారు గానీ ఉసురు వస్తుందని ఏ లెక్చరరూ చెప్పలేదు. మా ఆయన హేమచంద్ కూడా ఎవడి కర్మ వాడిదేనని, తాత కర్మ మనవరాలికి అంటదని శాస్త్రం మాట్లాడాడు. పేట్ బషీరాబాద్ సిద్ధాంతి ఆయన్ని ఒక్క ప్రశ్నతో కూర్చోబెట్టాడు.

"తాత భూమిల వాటా తీస్కున్నరా లేదా? భూమి వచ్చిన తొవ్వలనే పాపం గూడ వస్తది సార్."

మేడ్చల్‌లో మేముంటున్న ఫ్లాటు ఆ వాటాతో కొన్నదే.

నా రవికలు కుట్టే షహనాజ్ మాత్రం తమ మతంలో పుట్టిన ప్రతి బిడ్డా సాఫ్‌గానే పుడుతుందని, పెద్దల గునాహ్, అంటే పాపం, పెద్దలదేనని చెప్పింది. ఆ మాట నాకు బాగా నచ్చింది. కానీ ఆమె తీసుకున్న కొలతలు ఎప్పుడూ రెండంగుళాలు తప్పేవి, అందుకని పూర్తిగా నమ్మలేకపోయాను.

నిజానికి నేనేం నమ్మానో నాకే తెలియదు. సాయంత్రం బడి బస్సు వచ్చే వేళకు చెత్తబుట్ట పట్టుకుని కిందికి దిగుతాను. చెత్త బండి పొద్దున్నే వచ్చి వెళ్లిపోతుంది. ఆ సంగతి వాచ్‌మన్‌కూ తెలుసు.

సిద్ధాంతి చెప్పిన పరిహారం తేలికైనదే. ఈదమ్మ బతికి ఉంటే, ఆ ఒడిబియ్యం ఇప్పుడైనా పోయాలి. ఆమె అల్వాల్‌లో మనవరాలు తృప్తి దగ్గర ఉంటోందని తెలిసింది. శామీర్‌పేట నుంచి అల్వాల్‌కు అరగంట. మా వాళ్లకు అరవై ఏళ్లు పట్టింది. ఫోన్ చేస్తే తృప్తి రమ్మంది. అంతకు మించి మేమూ అడగలేదు.

నాయిన మోకాళ్ల నొప్పులని ఇంట్లోనే ఉండిపోయాడు. అమ్మా నేనూ చీర, చాటలో బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు పట్టుకుని వెళ్లాం.

గోడ మీద బైబిల్ వాక్యం ఉన్న క్యాలెండరు. దాని కింద కుర్చీలో తెల్ల చీరలో, నుదుట బొట్టు లేకుండా ఈదమ్మ. అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. భర్త పోయిన ఆడదానికి మాలో ఒడిబియ్యం పోయరు. ఆయన పోయి పన్నెండేళ్లయిందట. మాకెవరు చెబుతారు, మేమెవరినడిగాం గనుక.

అటు తృప్తికీ ఒక చిక్కు వచ్చింది. వాళ్లు బాప్తిస్మం తీసుకున్నారు. ఇది పూజ కిందికి వస్తుందేమోనని పాస్టరు గారికి ఫోన్ చేసింది. ఆయన విగ్రహం ఉందా అని అడిగాడు, మంత్రం ఉందా అని అడిగాడు. రెండూ లేవంటే, మరి అనుమానమెందుకన్నాడు. బియ్యానికి పసుపు కలిపారని తృప్తి చెప్పింది. పసుపు పులిహోరలోనూ ఉంటుంది కదమ్మా అన్నాడాయన.

నేను అమ్మ చెవిలో, వీళ్లలో ముత్తైదువ పట్టింపు లేదని, మనమిప్పుడు వాళ్ల గడపలో నిలబడ్డామని చెప్పాను. అమ్మ నన్ను అనుమానంగా చూసింది గానీ, లోపలికి వచ్చి చాట కిందికి దించింది.

మేమెందుకు వచ్చామో విన్నాక తృప్తి జాలిపడింది. పాపం ఒక్క మన ఇంటిదే కాదని, మొదటి మనిషి ఆదాము చేసినది మనుషులందరికీ వచ్చిందని, ప్రభువు దాన్ని కడిగేశాడని ఓపికగా చెప్పింది. అమ్మ శ్రద్ధగా విన్నది.

"గా ఆదాముకు గూడ చెల్లెలుండెనా బిడ్డా?" అని అడిగింది.

అమ్మ ఈదమ్మ ముందు నేల మీద కూర్చుని ఆమె కాళ్లు పట్టుకుంది.

"అత్తా, మా మామ తప్పు జేసిండు. నీ శాపం ఎనక్కి తీస్కో. నా బిడ్డ వినోద మస్తు గోసవడ్డది."

"శాపమా?" అంది ఈదమ్మ. "నేనెప్పుడు వెట్టిన?"

కల్వర్టు దాకా మూడుసార్లు తిరిగి చూసిన సంగతి అమ్మ గుర్తు చేసింది. ముసలామె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అన్న పిలుస్తడేమోనని సూసిన," అంది. "నాలుగోసారి గూడ ఆగుదామనుకున్న. సిగ్గయింది."

అమ్మ లేచి చాట అందుకుంది. ఈదమ్మ కొంగు పరిచి పట్టుకుంది. బియ్యం కొంచెం నేల మీద ఒలికితే, వంగి ఒక్కొక్క గింజా ఏరి మళ్లీ ఒడిలో వేసుకుంది. తృప్తి సాయం చేయబోతే వద్దంది. ఆనవాయితీ ప్రకారం అయిదు పిడికిళ్లు తీసి మా కొంగులో తిరిగి పోసింది. దీవిస్తుందేమోనని నేను తల వంచి నిలబడ్డాను. సంతానం మాటే ఎత్తలేదామె.

"మల్ల ఎప్పుడస్తవ్?" అని అడిగింది.

తిరుగు దారిలో కారు తూంకుంట దాటే దాకా అమ్మ కిటికీలోంచి చూస్తూనే ఉంది.

"మరి ఇగ ఎవల పాపమే?" అంది.

"ఎవలది కాదమ్మా."

ఆ మాట అంత బరువుంటుందని అనుకోలేదు. పదిహేనేళ్లు తాత మీద కోపంతో గడిపాను. కోపం మంచి కాలక్షేపం. ఇప్పుడు కోప్పడటానికి ఆయన కూడా లేడు. స్టీరింగ్ మీద నా చేతులు మాత్రం ఉన్నాయి.

"నీకు మస్తు ఆశుండెనా బిడ్డా?" అంది అమ్మ, నావైపు తిరగకుండానే.

ఇన్నేళ్లలో దోషం గురించి అడిగారు, తేదీల గురించి అడిగారు, రిపోర్టులడిగారు. ఈ మాట ఎవరూ అడగలేదు.

"రెండోసారిది ఆడపిల్లనే అనుకున్న," అన్నాను. "పేరు గూడ వెట్టుకున్న."

"ఏం పేరు?"

కారు పక్కకు తీసి ఆపాను.

"హరిచందన."

అమ్మ మెల్లగా పలికి చూసింది. నోరు తిరగలేదు. మళ్లీ పలికింది.