అందరికీ వడ్డించిన పిల్ల

అరుణజ్యోతి టీచర్ దగ్గర పోత ఇనుముతో చేసిన గంజులు మూడుండేవి. ఒక్కోటి ఎత్తాలంటే ఇద్దరు పిల్లలు కావాల్సిందే. ఫిల్మ్ నగర్‌లో ఏదో యుద్ధం సినిమాకి వేసిన సెట్టు విప్పేసినప్పుడు తుక్కు సామాన్లో పడి ఉంటే బేరమాడి తెచ్చుకుంది. తుప్పు గీకి, నూనె పట్టించి, కట్టెల మంట మీద మళ్లీ మళ్లీ కాల్చి నల్లగా నిగనిగలాడేలా చేసింది. ఆ పక్కనే ఉన్న పెద్ద ప్రైవేటు బడిలో ఆవిడ ఆటల టీచరు. గైడ్స్ దళం చూసేదీ ఆవిడే. ఆదివారం పొద్దున బడి వెనక బండరాళ్ల మధ్య పొయ్యి పెట్టించి ఆడపిల్లలకి వంట నేర్పేది.

పిల్లలంతా కార్లలో దిగేవాళ్లు. ఇంట్లో స్టవ్ వెలిగించి ఎరగరు. మొదటిరోజు ఆవిడ "గంజు ఎత్తుండ్రి" అంటే "గంజి ఎక్కడుంది మేడమ్?" అని వెతికారు.

"గంజి కాదు బిడ్డా, గంజు. గిన్నెను మా దిక్కు గట్లంటం" అని ఆవిడ నవ్వింది.

పొగ కళ్లలోకి రాగానే అందరూ దూరం జరిగితే, తొమ్మిదో తరగతి గీతిక మాత్రం పొయ్యి వదల్లేదు. ఇనుము వేడెక్కడానికి తొందరపడదని, వేడెక్కాక ఒక పట్టాన చల్లారదని, అందుకే కూర పూర్తిగా ఉడకకముందే కట్టెలు వెనక్కి లాగాలని ఒక్కసారి చెబితే పట్టేసుకుంది. బగారా అన్నానికి మూత మీద నిప్పులు ఎన్ని వెయ్యాలో ఆ పిల్ల చేతికే తెలిసినట్టుండేది. వంటయ్యాక తనే వడ్డించేది. ఎవరికి ముక్క ఇష్టమో, ఎవరికి అడుగు మాడిన అన్నం ఇష్టమో గుర్తు. "ఇంకొంచెం వేసుకో నిహారికా, నా మీద ఒట్టు" అని కొసరి కొసరి పెట్టేది.

"గంత గొప్పింటి పిల్ల అంటే నమ్ముతరా?" అని అరుణజ్యోతి స్టాఫ్ రూములో చెప్పుకుని మురిసిపోయేది. ఆవిడకి పిల్లల్లేరు. ఆ మాట పైకి అనలేదుగానీ, ఆదివారం కోసం వారమంతా ఎదురుచూసేది.

ఎండలు ముదిరినా గీతిక పొయ్యి దగ్గర స్వెటర్ విప్పేది కాదు. చలి అనేది. ఈ కాలం పిల్లలు, ఏసీ గదులకి అలవాటుపడ్డారనుకుంది అరుణజ్యోతి. ఒక ఆదివారం కొక్కెంతో మూత ఎత్తబోతూ ఆ పిల్ల అలాగే ఒరిగిపోయింది. నిహారిక వెనకనుంచి పట్టి లాగకపోతే నిప్పుల్లో పడేది.

రాతి నీడలోకి తెచ్చి మొహం మీద నీళ్లు చల్లి, స్వెటర్ చెయ్యి పైకి మడిచి చూసింది అరుణజ్యోతి. అది చెయ్యి కాదు, తోలు కప్పిన ఎముక.

"పొద్దుగాల ఏం తిన్నవ్ బిడ్డా?"

"తిన్నాను మేడమ్."

"అబద్ధం మేడమ్," అంది నిహారిక ఏడుపు గొంతుతో. "ఇక్కడ కూడా తినదు. కలిపి కలిపి మాకే పెట్టేస్తుంది."

అరుణజ్యోతి ఒక్కో ఆదివారాన్నీ తలుచుకుంది. ఆ పిల్ల నోట్లోకి ఒక్క ముద్ద వెళ్లడం చూసినట్టు ఎంత వెతుక్కున్నా జ్ఞాపకం రాలేదు.

మిగతా పిల్లలు వెళ్లిపోయాక పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. గీతిక దాచలేదు.

"అమ్మ ఒక సినిమా డైరెక్టర్ గారికి నా ఫోటోలు చూపించింది. మొహం బాగుంది, కొంచెం తగ్గాలన్నారు. తగ్గాను. ఇంకొంచెం అన్నారు."

"మరి గీ వంట మీద గంత పానం పెడ్తవేంది?"

"వండుతుంటే ఆకలి తెలీదు మేడమ్. వాళ్లు తింటుంటే నేనే తిన్నట్టుంటుంది. ఇదివరకు ఓర్చుకోలేక ఏదో ఒకటి తినేసేదాన్ని. మీరు నేర్పాక చాలా తేలికైంది. ఇంట్లో కూడా రోజూ నేనే వండుతున్నాను."

ఆ మాటలో నిజమైన కృతజ్ఞత ఉంది.

ఆ సాయంత్రమే జూబ్లీ హిల్స్‌లో వాళ్లింటికి వెళ్లింది. గీతిక తల్లి రష్మి ఆదరంగా కూర్చోబెట్టి కాఫీ ఇప్పించింది. అంతా విని నిట్టూర్చింది.

"నేను చూసుకుంటానండీ. డైటీషియన్ ఉన్నారు. నాకూ వయసులో ఉన్నప్పుడు సినిమాలో ఒక అవకాశం వచ్చింది. పెళ్లి చూపులకని నాలుగు నెలలు ఊరెళ్లి, ఒళ్లు చేసి వచ్చాను. మళ్లీ ఎవరూ పిలవలేదు. దానికి అలా కాకూడదు. ఒక్క సినిమా అయిపోనివ్వండి, కడుపునిండా పెట్టుకుంటాను."

ప్రిన్సిపాల్‌కి చెబితే ఆయన భయపడి బడిలో పొయ్యి వెలిగించడమే మాన్పించాడు. పిల్లకేదైనా అయితే బడి పేరు పోతుందన్నాడు. గంజులు ఆటో ఎక్కి బోరబండలో ఆవిడ ఇంటి వరండాకి చేరాయి.

వానలు మొదలయ్యేసరికి గీతికని ఆసుపత్రిలో చేర్చారు. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోశారు. సినిమాలో వేషం ఇంకో అమ్మాయికి వెళ్లింది. రష్మికి ఆ సంగతి పట్టనే లేదు. ఇప్పుడు చెంచా పట్టుకుని కూతురి వెంట తిరుగుతూ బతిమాలేది ఆవిడే. కానీ పిల్ల నోరు తెరిచేది కాదు. ఇది మనసుకి పట్టిన జబ్బు, నయం కావడానికి ఏళ్లు పట్టొచ్చు, కాకపోవచ్చు కూడా అన్నారు డాక్టర్లు.

ఇంటికి తెచ్చిన వారానికి రష్మి ఫోన్ చేసింది. "వండాలని అడుగుతోందండీ. మీ గిన్నే కావాలట. మీ మాట వింటుందేమో, ఒక్కసారి రండి."

డ్రైవర్ తిరుమలేశ్ బోరబండ వచ్చి ఆవిడనీ ఒక గంజునీ కారెక్కించుకుని తీసుకెళ్లాడు. ఇంటి వెనక పచ్చిక మీద ఇటుకలతో పొయ్యి పెట్టారు. గీతిక లేచి నిలబడలేకపోయింది. కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చుని చెబుతుంటే అరుణజ్యోతి వండింది.

"మంట తగ్గించండి మేడమ్. ఇప్పుడు నిప్పులు మూత మీద వెయ్యండి."

అన్నం ఘుమఘుమలాడుతూ దిగింది. తిరుమలేశ్‌కి, వంటమనిషికి, తల్లికి గీతికే పెట్టింది.

"ముందు నువ్వు తిను మమ్మీ, తర్వాత నేను."

రష్మి తింది. ఇంకొంచెం అంటే అదీ తింది. మూడోసారి పెడితే కళ్లనీళ్లు తుడుచుకుంటూ మింగింది. అప్పుడు గీతిక తన పళ్లెంలోంచి చిన్న ముద్ద తీసింది. అందరూ చేతులాపి చూస్తున్నారు. ముద్ద పెదాలదాకా వెళ్లి ఆగింది, మెల్లగా మళ్లీ పళ్లెంలోకి దిగింది.

"చాలా బాగా కుదిరింది మేడమ్," అంది. అక్కడున్నవాళ్లలో మొహం వెలుగుతున్నది ఆ పిల్లది మాత్రమే.

గేటు దగ్గర రష్మి ఆవిడ చేతులు పట్టుకుంది. "వచ్చే ఆదివారం కూడా రండి. ఈ కాసేపే అది నవ్వుతోంది."

వస్తే ఆ వంటే పిల్లకి తినకుండా ఉండడానికి బలమిస్తుంది. రాకపోతే ఆ నవ్వూ ఉండదు. అరుణజ్యోతి ఏదీ తేల్చుకోలేక "వస్తనమ్మా" అంది.

వెళ్లింది. గీతిక కుర్చీలోంచే వడ్డించింది, అందరూ తిన్నారు, ఆ పిల్ల తినలేదు. ఆ తర్వాతి ఆదివారం ఆవిడ తన ఇంట్లో బియ్యం కడుగుతుండగా తిరుమలేశ్ ఫోన్ వచ్చింది.

"మేడమ్, పాపను మళ్ల దవాఖానల ఏసిండ్రు. అమ్మగారు కూడా గాడనే ఉన్నరు. ఇయ్యాల రాకుండ్రి."

"మాట్లాడుతున్నదా?"

"లేదు మేడమ్, కండ్లు గూడ తెరుస్తలేదు," అన్నాడు.

ఆవిడ బియ్యం నీళ్లు వంపలేదు, పొయ్యి వెలిగించలేదు. తడి చేతులు కొంగుకి తుడుచుకుని గడప మీద కూర్చుండిపోయింది.